ఓడకు ఏ దారి మేలు: రానున్న ఉద్గార నిబంధనల దృష్ట్యా ఇంధనాల, ఉపాయాల పోలిక

నడుస్తున్న ఓడను రానున్న పర్యావరణ నిబంధనలకు తగినట్లు మార్చుకోవడానికి యజమాని ముందు ప్రస్తుతం ఆరు దారులు ఉన్నాయి. వేగం తగ్గించి, ఓడ అడుగుభాగాన్ని శుభ్రంగా ఉంచి ఇంధనం ఆదా చేయడం మొదటిది. పొగలోని గంధకాన్ని నీటితో కడిగే స్క్రబ్బర్ అమర్చుకొని చవకైన భారీ ఇంధన నూనెనే కొనసాగించడం రెండవది. జీవ ఇంధనం కలపడం, ద్రవీకృత సహజ వాయువుకు, అంటే ఎల్‌ఎన్‌జీకి మారడం, మిథనాల్ లేదా అమ్మోనియా వైపు వెళ్లడం ఆ తర్వాతివి. ఓడలో ఏ మార్పూ చేయకుండా రుసుమో జరిమానాయో కట్టివేయడం ఆరవది. పైకి ఎవరూ పెద్దగా చెప్పుకోకపోయినా, ఇదీ లెక్కలోకి తీసుకోవలసిన దారే.

వీటిలో ఏది మంచిదని నేరుగా అడిగితే సరైన జవాబు దొరకదు. ఈ ఓడ ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది, ఏ రేవుల మధ్య తిరుగుతుంది, ఇంధనం డబ్బు ఎవరు కడతారు అనే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాకే పోలిక మొదలుపెట్టాలి. అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఓడల్లో ఒకటి ఐరోపా రేవులకు తరచూ వెళుతూ, మరొకటి అటు ఎన్నడూ పోకపోతే, ఆ రెండింటికీ తగిన నిర్ణయాలు పూర్తిగా వేరుగా ఉంటాయి.

ఖరారైన నిబంధనలు, ఖరారు కానివి

పెట్టుబడి నిర్ణయాన్ని ఇప్పటికే అమలులో ఉన్న నిబంధనల మీద ఆధారపడి తీసుకోవాలి తప్ప, రావచ్చనే వాటి మీద కాదు. ఇంధనంలో గంధకం 0.50 శాతానికి మించరాదన్న ప్రపంచ పరిమితి 2020 జనవరి 1 నుంచి ఉంది. ఉద్గార నియంత్రణ ప్రాంతాలలో ఆ పరిమితి 0.10 శాతం. బాల్టిక్, ఉత్తర సముద్రం, ఉత్తర అమెరికా తీరం, అమెరికా అధీనంలోని కరీబియన్ ప్రాంతం పాతవి కాగా, మధ్యధరా సముద్రం 2025 మే 1న వాటిలో చేరింది. కెనడా ఆర్కిటిక్ జలాలకు, నార్వే సముద్రానికి ఇదే పరిమితి 2027 మార్చి నుంచి వర్తిస్తుంది.

కార్బన్ విషయంలో అంతర్జాతీయ సముద్ర సంస్థ, అంటే ఐఎంఓ, 2023 నుంచి రెండు కొలమానాలు పెట్టింది. డిజైను ప్రకారం ఓడకు ఉన్న ఇంధన సామర్థ్యాన్ని ఒకసారి పరీక్షించేది ఈఈఎక్స్‌ఐ. నడకలో విడుదలైన కార్బన్ తీవ్రతను బట్టి ఏటా ఏ (A) నుంచి ఈ (E) వరకు గ్రేడు ఇచ్చేది సీఐఐ. 2023లో 5 శాతం తగ్గింపుతో మొదలైన సీఐఐ లక్ష్యం 2026కు 11 శాతానికి చేరింది, 2030 నాటికి 21.5 శాతం అవుతుంది. వరుసగా మూడేళ్లు డీ గ్రేడు వచ్చినా, ఒక్క ఏడాది అట్టడుగుదైన ఈ (E) గ్రేడు వచ్చినా దిద్దుబాటు ప్రణాళిక సమర్పించాలి. ఇందులో ఒక వింత ఉంది. సీఐఐ లెక్కలో ఓడ విడుదల చేసిన కార్బన్ డయాక్సైడ్‌ను దాని మోత సామర్థ్యంతోనూ, తిరిగిన దూరంతోనూ భాగిస్తారు గాని, నిజంగా మోసిన సరుకు బరువు అందులోకి రాదు. అందువల్ల రేవు బయట లంగరు వేసి వారాల తరబడి నిరీక్షించిన ఓడ గ్రేడు చెడుతుంది, ఖాళీగా దూర ప్రయాణం చేసిన ఓడ గ్రేడు బాగుపడుతుంది. గ్రేడు చూసి ఓడను అంచనా వేసి అద్దెకు తీసుకునే చార్టరర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఐఎంఓ ప్రతిపాదించిన నెట్ జీరో ఫ్రేమ్‌వర్క్ మాత్రం ఇంకా ఖరారు కాలేదు. 5,000 గ్రాస్ టన్నేజీ దాటిన ఓడల ఉద్గారాలపై రెండు అంచెలుగా, టన్నుకు 100 డాలర్లు, 380 డాలర్ల చొప్పున ధర పెట్టాలన్న ఆ ముసాయిదాకు 2025 ఏప్రిల్‌లో ఆమోదం లభించింది. కాని దాన్ని స్వీకరించవలసిన అక్టోబరు సమావేశం ఓటింగుతో ఏడాది పాటు వాయిదా పడింది. దీన్ని చూపి ఎవరైనా నేటి కొనుగోలును సమర్థిస్తే, అది లేకపోయినా లెక్క నిలబడుతుందో లేదో చూపించమని అడగడం మంచిది.

ఐరోపా సంగతి వేరు, అక్కడ డబ్బు ఇప్పటికే చేతులు మారుతోంది. ఈటీఎస్ అనే ఉద్గార వాణిజ్య వ్యవస్థ 2024 నుంచి ఓడలకు వర్తిస్తోంది. 2024 ఉద్గారాలలో 40 శాతానికి, 2025లో 70 శాతానికి, 2026 నుంచి పూర్తిగా అలవెన్సులు, అంటే ఉద్గార అనుమతులు, కొని అప్పగించాలి. ఐరోపా రేవుల మధ్య సాగిన ప్రయాణమైతే మొత్తం ఉద్గారాలూ, ఒక చివర మాత్రమే ఐరోపాలో ఉంటే సగమూ లెక్కకు వస్తాయి. 2026 నుంచి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా ఆ లెక్కలో చేరాయి. దీనికి తోడు 2025లో మొదలైన ఫ్యూయల్‌ఈయూ నిబంధన ఇంధనం గుణాన్నే కొలుస్తుంది. మెగాజౌల్ శక్తికి 91.16 గ్రాముల హరితగృహ వాయువులను ప్రాతిపదికగా తీసుకొని 2025లో 2 శాతం, 2030లో 6, 2035లో 14.5, 2050లో 80 శాతం తగ్గించాలంటుంది. ఈటీఎస్ ఎంత కాల్చారని అడిగితే, ఫ్యూయల్‌ఈయూ ఏమి కాల్చారని అడుగుతుంది. ఈ తేడా మనసులో ఉంటే తక్కిన పోలిక అంతా తేలికవుతుంది.

వేగం, అడుగుభాగం, గాలి

ముందుగా చూడవలసింది చవకైన దారినే. ఇంజను శక్తి అవసరం వేగపు ఘనానికి, అంటే మూడో ఘాతానికి, అనుపాతంగా పెరుగుతుంది కాబట్టి, గంటకు 14 నాటికల్ మైళ్లతో, అంటే 14 నాట్లతో నడిచే ఓడను 12కు తగ్గిస్తే ప్రధాన ఇంజను మీద భారం సుమారు 37 శాతం తగ్గుతుంది. ప్రయాణం ఆ మేరకు ఎక్కువ సేపు సాగుతుంది కనుక ఒక ప్రయాణానికి మిగిలే ఇంధనం దాదాపు 26 శాతం. జనరేటర్లు, బాయిలర్ మాత్రం గంటల లెక్కన కాలుస్తూనే ఉంటాయి కాబట్టి నికర ఆదా అంతకంటే కొంత తక్కువే. అడుగుభాగానికి పట్టిన నాచు, గవ్వపురుగులు తీయించడం, ప్రొపెల్లర్ పాలిష్ చేయించడం కూడా ఇదే కోవకు వస్తాయి. ఏటా చేసినా వీటి ఖర్చు ఒక్క ఇంధన ట్యాంకు విలువలో చిన్న భాగమే.

ఈ దారిలో చిక్కు ఫ్యూయల్‌ఈయూ దగ్గర వస్తుంది. సగం ఇంధనమే కాల్చినా, ఆ కాల్చినది అదే భారీ నూనె అయితే మెగాజౌల్‌కు గ్రాముల సంఖ్య మారదు. చెల్లించే మొత్తం తగ్గుతుంది గాని, పరిమితిని అందుకోలేకపోయిన లోటు పోదు. గాలి సాయం ఒక్కటే ఇక్కడ మినహాయింపు. నిలువు స్తంభంలా గుండ్రంగా తిరిగే రోటర్ సెయిల్ లేదా గట్టి రెక్కల తెరచాపలు అమర్చిన ఓడలకు ఫ్యూయల్‌ఈయూ ఆ గ్రాముల లెక్కలో 5 శాతం వరకు తగ్గింపు ఇస్తుంది. గాలి అనుకూలించే మార్గాలలో తిరిగే ట్యాంకర్లకూ, విడి సరుకు మోసే బల్క్ క్యారియర్లకూ ఇది సరిపోతుంది. డెక్ మీద కంటైనర్లు పేర్చే ఓడలో ఆ స్తంభాలు నిలబెట్టడానికి చోటే ఉండదు.

స్క్రబ్బర్

స్క్రబ్బర్ గంధకం సమస్యకు మాత్రమే జవాబు, కార్బన్ సమస్యకు కాదు. పైగా దాని పంపులు నడవడానికి కొంత అదనపు విద్యుత్తు కావాలి కాబట్టి ఉద్గారాలు స్వల్పంగా పెరుగుతాయి. ఇప్పటికే అమర్చుకున్నవారు దాన్ని తీసివేయవలసిన పనిలేదు. మధ్యధరా కూడా 0.10 శాతం ప్రాంతమయ్యాక భారీ నూనెకూ, గంధకం తక్కువ ఉండే మెరైన్ గ్యాస్ ఆయిల్‌కూ మధ్య ఉన్న ధర తేడా వారికి ఇంకా ఎక్కువ రోజులు కలిసి వస్తుంది. కొత్తగా పెట్టదలచినవారు మాత్రం కడిగిన నీటిని సముద్రంలోకి వదలడంపై వస్తున్న నిషేధాలను ముందు చూసుకోవాలి. సముద్రపు నీటితో కడిగి వెంటనే వదిలేసే ఓపెన్ లూప్ స్క్రబ్బర్ల నీటిని తమ ప్రాదేశిక జలాలలో వదలకుండా డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ 2025 జూలై 1 నుంచి అడ్డుకున్నాయి. సింగపూర్ రేవులో ఆ నిషేధం అంతకుముందే ఉంది. అదే నీటిని తిప్పి వాడే క్లోజ్డ్ లూప్‌కు మారితే కాస్టిక్ సోడా నిల్వ, మడ్డి అప్పగింత అనే రెండు అదనపు పనులు ఇంజన్ రూము నెత్తిన పడతాయి. పదేళ్లు దాటిన ఓడకు నేడు కొత్త స్క్రబ్బర్ సిఫారసు చేయడానికి తగిన కారణం నాకు కనిపించడం లేదు.

జీవ ఇంధనం

ఓడలో పెద్ద మార్పులు లేకుండా ఫ్యూయల్‌ఈయూ లోటును పూడ్చగలిగే ఇంధనం ఇదొక్కటే. భారీ నూనె విలువ మెగాజౌల్‌కు సుమారు 91.7 గ్రాములు, 2025 నుంచి 2029 వరకు పరిమితి 89.34. వాడిన వంటనూనెతో చేసిన బయోడీజిల్ విలువ 15 గ్రాముల దగ్గర ఉందనుకుంటే, ఏడాది మొత్తం శక్తిలో అది 3 శాతం చాలు. 2030లో దాదాపు 8 శాతం, 2035లో 18 శాతం కావలసి వస్తుంది. అంటే ఈ దశకం చివరి దాకా 30 శాతం మిశ్రమాన్ని కొన్ని ప్రయాణాలలో వాడుకుంటే ఏడాదికి సరిపోతుంది, ప్రతి బంకరింగులోనూ, అంటే ఇంధనం నింపుకునే ప్రతిసారీ కొనవలసిన అవసరం లేదు. మామూలు బంకర్ నౌకలు 30 శాతం వరకు మిశ్రమాన్ని మోయవచ్చని ఐఎంఓ 2025లో చెప్పడంతో సరఫరా కూడా కొంత సులువైంది.

కొనేటప్పుడు చూడవలసింది ధర ఒక్కటే కాదు. ఆహార, పశుగ్రాస పంటలతో చేసిన జీవ ఇంధనాన్ని ఫ్యూయల్‌ఈయూ అతి చెడ్డ శిలాజ ఇంధనంతో సమానంగా లెక్కిస్తుంది. కాబట్టి ముడిసరుకు ఏమిటో తెలిపే సుస్థిరత ధ్రువపత్రం చేతికి రానిదే ఆ నూనె ఎంత ఖరీదైనదైనా లెక్కలో పనికిరాదు.

ఓడ మీద దీని నడవడిక కూడా వేరు. బయోడీజిల్ నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున నీరు, నూనె కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. దానికి కరిగించే గుణం కూడా ఉండటంతో ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డిని ఊడదీసి ముందుకు తోస్తుంది. మొదటిసారి నింపిన కొద్ది రోజులకే ఇంధన ఫిల్టర్ ముందువెనకల పీడన తేడా మామూలు కంటే త్వరగా ఎక్కిపోతుంది, ఇంధనాన్ని శుద్ధిచేసే ప్యూరిఫయర్ మడ్డి కక్కే విరామం తగ్గించవలసి వస్తుంది. ఫిల్టర్ విప్పి చూస్తే నల్లటి జిగురు పూత కనిపిస్తుంది. ఇది ఇంధనం కల్తీ అనుకొని వెంటనే ఫిర్యాదు రాసే ముందు ట్యాంకు ఎప్పుడు శుభ్రం చేశారో చూసుకోవాలి. మొదటి మిశ్రమానికి ముందే ట్యాంకు కడిగించి, అదనపు ఫిల్టర్లు తెప్పించి పెట్టుకొని, ఆ నూనెను ఆరు నెలలు నిల్వ ఉంచకుండా వాడివేయడం ఉత్తమం. ప్రమాద సమయంలో వాడే ప్రాణరక్షక పడవ ఇంజనుకు, అత్యవసర జనరేటరుకు దీన్ని వాడకపోవడమే క్షేమం.

ఎల్‌ఎన్‌జీ

ఎల్‌ఎన్‌జీని సమర్థించేవారూ, తిట్టేవారూ ఒకే ఇంధనం గురించి మాట్లాడుతున్నట్లు కనిపిస్తారు గాని నిజానికి రెండు వేర్వేరు ఇంజన్ల గురించి మాట్లాడుతున్నారు. కాలకుండా పొగగొట్టం గుండా జారిపోయే మీథేన్ ఎంత అన్నదే ఇక్కడ అసలు విషయం. ఫ్యూయల్‌ఈయూ ప్రామాణిక విలువల ప్రకారం అధిక పీడనంతో వాయువును చిమ్మే, డీజిల్ చక్రం మీద నడిచే నెమ్మది ఇంజనులో ఈ జారుడు 0.2 శాతం. అల్ప పీడనంతో, ఓటో (Otto) చక్రం మీద నడిచే నెమ్మది ఇంజనులో 1.7 శాతం, మధ్యరకం వేగం ఇంజనులో 3.1 శాతం. ఫలితంగా మొదటి రకం ఓడ మెగాజౌల్‌కు సుమారు 76 గ్రాముల దగ్గర నిలిచి 2035 పరిమితిని కూడా దాటకుండా ఉంటుంది, చివరి రకం ఓడ నేటి పరిమితి అంచునే ఊగిసలాడుతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడి పట్టే వాయువు మీథేన్. అందుకే ఈ చిన్న శాతాలకు అంత బరువు.

మైనస్ 162 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచే ట్యాంకు, దాని చుట్టూ కావలసిన చోటు, ఆవిరయ్యే వాయువును వాడుకునే ఏర్పాటు అన్నీ కలిపి చూస్తే నడుస్తున్న ఓడను ఎల్‌ఎన్‌జీకి మార్చడం చాలా అరుదుగా గిట్టుబాటవుతుంది. కొత్తగా కట్టే ఓడకు మాత్రం, అందులోనూ అధిక పీడన ఇంజనుతో, ఇది నేడు ఆచరణలో నమ్మదగిన దారి. బంకరింగ్ సౌకర్యం పెద్ద రేవులలో ఉంది, తర్వాత జీవ మీథేన్ దొరికితే ఓడలో మార్పు లేకుండానే నింపుకోవచ్చు. కొనుగోలు ఒప్పందంలో ఇంజను చక్రం రకం ఏమిటో, మీథేన్ జారుడును తయారీదారు ఏ భారం వద్ద ఎంతగా హామీ ఇస్తున్నాడో రాయించుకోవాలి.

మిథనాల్, అమ్మోనియా

మిథనాల్‌కు ఉన్న పెద్ద బలం అది మామూలు ఉష్ణోగ్రతలో ద్రవంగానే ఉండటం. స్టెనా జర్మానికా అనే ప్రయాణికుల ఓడ 2015లోనే దీనికి మారింది, 2023లో లారా మెర్స్క్ మిథనాల్‌తో నడిచే తొలి కంటైనర్ ఓడగా నీట దిగింది. బలహీనత చోటు దగ్గర ఉంది. అదే శక్తికి భారీ నూనె కంటే దాదాపు రెండున్నర రెట్ల పరిమాణం కావాలి. విషగుణం, పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించని మంట, రెండు పొరల గొట్టాల అవసరం లాంటివి శిక్షణతో నిభాయించుకోగలిగినవే. అసలు ప్రమాదం వాణిజ్యపరమైనది. సహజ వాయువుతో చేసిన మామూలు మిథనాల్‌ను ఉత్పత్తి దశ నుంచి లెక్కిస్తే మెగాజౌల్‌కు సుమారు 100 గ్రాములు, అంటే భారీ నూనె కంటే అధ్వానం. పునరుత్పాదక వనరులతో చేసిన హరిత మిథనాల్ సరఫరాకు దీర్ఘకాల ఒప్పందం చేతిలో లేకుండా మిథనాల్ ఓడ కట్టించినవారు చివరకు దాన్ని మామూలు నూనెతోనే నడుపుకోవలసి వస్తుంది.

అమ్మోనియాలో కార్బన్ పరమాణువే లేదు. మైనస్ 33 డిగ్రీల వద్ద ద్రవమవుతుంది కనుక నిల్వ ఎల్‌ఎన్‌జీ అంత కష్టం కాదు. అయితే గాలిలో పది లక్షలకు 300 వంతుల మేర చేరితే ప్రాణాపాయం. సరిగా కాలకపోతే కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రెట్ల ప్రభావం ఉన్న నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. దీన్ని ఇంధనంగా వాడే ఓడల భద్రతపై ఐఎంఓ తాత్కాలిక మార్గదర్శకాలు వచ్చిందే 2024 డిసెంబరులో. సొంత అమ్మోనియా సరుకు మోసే వాయు వాహక నౌకలకు, దాన్ని వాడటం అలవాటైన సిబ్బందితో, ఇది ముందుగా అర్థవంతం అవుతుంది. తక్కినవారు మొదటి వరుసలో నిలబడవలసిన తొందర లేదు.

డబ్బు కట్టివేయడం

భారీ నూనె మాత్రమే కాల్చే ఓడకు ఫ్యూయల్‌ఈయూ జరిమానా లెక్క వేస్తే, లెక్కకు వచ్చే ప్రతి టన్నుకూ నేడు సుమారు 62 యూరోలు, 2030లో 156, 2035లో 357 అవుతుంది. వరుసగా లోటు పడిన ప్రతి ఏడాదికీ 10 శాతం చొప్పున అదనం పడుతుంది. ఈటీఎస్ దీనికి పైన. టన్ను భారీ నూనె 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది కనుక, అలవెన్సు ధర 70 యూరోలు అనుకుంటే టన్నుకు 218 యూరోలు. దీన్నిబట్టి 2030 వరకు జరిమానా భరించలేనంతగా ఉండదనీ, ఆ తర్వాత వేగంగా కరకుదేరుతుందనీ తెలుస్తుంది.

జరిమానా కట్టే ముందు పూలింగ్ చూడాలి. లోటు ఉన్న ఓడ, మిగులు ఉన్న ఓడతో జట్టు కట్టి మొత్తంగా లోటు లేదని చూపించవచ్చు. ఆ రెండూ ఒకే కంపెనీవి కావలసిన పని లేదు. మిగులు ఉన్న ఎల్‌ఎన్‌జీ ఓడల వద్ద కొనుక్కుంటే జరిమానా కంటే చవకగా పడే అవకాశం ఎక్కువ. ఒక ఓడ ఒక్క పూల్‌లోనే చేరగలదు, వచ్చే ఏడాది నుంచి అప్పు తెచ్చుకున్న ఓడ ఆ ఏడు పూల్‌లో చేరలేదు. పూల్ వివరాలు ఏప్రిల్ 30 నాటికి నమోదు కావాలి, జరిమానా అయితే జూన్ 30 నాటికి కట్టాలి. ఏప్రిల్ మూడో వారంలో భాగస్వామిని వెతకడం మొదలుపెట్టేవారికి బేరమాడే బలం ఉండదు.

బిల్లు ఎవరిది

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ ఒప్పందంలో ఒక్క వాక్యంతో తలకిందులు కాగలవు. ఫ్యూయల్‌ఈయూకు బాధ్యురాలు భద్రతా నిర్వహణ పత్రం కలిగిన కంపెనీ. చాలా ఓడల విషయంలో అది యజమాని కాదు, ఓడను నడిపించి పెట్టే మేనేజరు. టైమ్ చార్టరులో, అంటే ఓడను కొంత కాలానికి అద్దెకిచ్చే ఒప్పందంలో, ఇంధనం కొనేదీ, వేగం నిర్ణయించేదీ చార్టరర్. ఈటీఎస్ ఖర్చును ఇంధనం ఖర్చు భరించేవారి నుంచి రాబట్టుకునే హక్కు ఐరోపా చట్టంలోనే ఉంది. ఫ్యూయల్‌ఈయూ లోటు ఎవరిది, మిగులు వస్తే దాన్ని అమ్ముకునే హక్కు ఎవరిది, చార్టరు ఏడాది మధ్యలో ముగిస్తే లెక్క ఎలా తేల్చాలి అన్నవి మాత్రం ఒప్పందంలో రాసుకుంటేనే నిలుస్తాయి. నౌకా సంస్థల అంతర్జాతీయ సంఘం బిమ్‌కో ప్రచురించిన నమూనా షరతులు మొదలుపెట్టడానికి పనికివస్తాయి. మిగులు పంచుకునే వాటా రాయకుండా జీవ ఇంధనం ఖర్చు యజమాని మీద పెట్టిన ఒప్పందంపై సంతకం చేయకపోవడం మేలు.

ఏ ఓడకు ఏది

పదిహేడు, పద్దెనిమిది ఏళ్లు దాటిన బల్క్ క్యారియర్ లేదా ట్యాంకరుకు పెట్టుబడి పెట్టవద్దు. ఇంజను శక్తికి పరిమితి బిగించి, అడుగుభాగం శుభ్రంగా ఉంచి, ఐరోపాకు వెళ్లిన మేరకు పూల్‌లో మిగులు కొనుక్కోవడం చాలు. ఓడల విచ్ఛిన్నంపై హాంకాంగ్ ఒడంబడిక 2025 జూన్ 26న అమలులోకి వచ్చింది కాబట్టి, ప్రమాదకర పదార్థాల జాబితాను మాత్రం ఇప్పుడే సిద్ధం చేయించుకోవాలి. అమ్మే రోజున దాని కోసం పరుగెత్తడం ఖరీదైన పని.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఉన్న ఓడ, ముఖ్యంగా ఐరోపాకు క్రమం తప్పక వెళ్లే కంటైనర్ ఓడ అయితే, జీవ ఇంధన మిశ్రమమే నా మొదటి సిఫారసు. దానితోపాటు వచ్చే డ్రై డాక్‌లో తీర విద్యుత్తు అందుకునే ఏర్పాటు చేయించాలి. ఐరోపా ప్రధాన రేవులలో కంటైనర్, ప్రయాణికుల ఓడలు 2030 నుంచి రేవులో ఉన్నప్పుడు తీరం విద్యుత్తు తీసుకోవలసి వస్తుంది, డాక్‌లో వంతు దొరకడం అప్పటికి ఇంకా కష్టమవుతుంది. ఐరోపాకు పోని ఇదే వయసు ఓడకు మాత్రం వేగం, ప్రొపెల్లర్, సీఐఐ గ్రేడు చూసుకోవడం సరిపోతుంది.

కొత్త ఓడ కట్టించేవారు ఇరవై ఐదేళ్లు ముందుకు చూడాలి కాబట్టి రెండు ఇంధనాలతో నడిచే ఇంజను తప్పనిసరి అనుకోవచ్చు. హరిత మిథనాల్ సరఫరా ఒప్పందం ఉంటే మిథనాల్, లేకుంటే అధిక పీడన ఎల్‌ఎన్‌జీ. “అమ్మోనియాకు సిద్ధం” అంటూ ఓడల ప్రమాణాలు తనిఖీ చేసే వర్గీకరణ సంస్థ ఇచ్చే ముద్రను మాత్రం విప్పి చూడాలి. కొన్ని నౌకానిర్మాణ కేంద్రాలలో దాని అర్థం ఒక నమూనా చిత్రపటానికి ఆమోదం ఉందని మాత్రమే. ట్యాంకు పెట్టే చోట డెక్ ఉక్కును ఇప్పుడే బలపరిచారా, ట్యాంకు బరువుతో కలిపి స్థిరత్వ లెక్కలు చేశారా, సిబ్బంది గదుల నుంచి గాలి ద్వారాల దూరం సరిపోతుందా, ఇంజను తయారీదారు మార్పిడి సామగ్రిని ఏ ఏడాది నాటికి ఇస్తానంటున్నాడు అనే నాలుగు ప్రశ్నలకు లిఖిత జవాబు రానిదే ఆ ముద్రకు అదనపు డబ్బు చెల్లించవద్దు.